రేంజ్‌ఫైండర్‌కి ఓ బుల్లి వైడ్ లెన్సు: ఎంచుకోవడం ఎలా?

మన సాఫ్ట్‌వేర్ మిత్రుల్లో ఫోటోల పిచ్చి ఉన్నవాళ్ళకి కొదవలేదు. మొదట పెద్ద డిజిటల్ ఎస్ఎల్ఆర్, దానికో జూమ్ లెన్సు, తర్వాత ఇంకో జూమ్, వాటిని మోయడానికో సంచి. కొన్నేళ్ళకి సంచి బరువు భుజానికి తెలిసొస్తుంది. అప్పుడు కొందరి కన్ను రేంజ్‌ఫైండర్ కెమెరాల మీద పడుతుంది. బాడీ కొన్నాక వచ్చే మొదటి ప్రశ్న: "దీనికి చిన్న వైడ్ యాంగిల్ లెన్సు ఏది తీసుకోమంటారు?" నన్ను ఈ ప్రశ్న అడిగినవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడే రాసేస్తున్నాను.

ముందుగా, కొత్తవాళ్ళ కోసం ఓ మాట. రేంజ్‌ఫైండర్‌లో మనం లెన్సులోంచి చూడం. పక్కనున్న చిన్న కిటికీలోంచి చూస్తాం. మధ్యలో కనబడే రెండు బొమ్మల్ని ఒకదాని మీద ఒకటి కూర్చితే ఫోకస్ అయినట్టు. 1954లో వచ్చిన లైకా ఎం3 నుంచి నిన్నమొన్నటి డిజిటల్ లైకాల దాకా ఇదే పద్ధతి.

వీటి లెన్సులు ఎందుకంత చిన్నవి?

ఎస్ఎల్ఆర్‌లో లెన్సుకీ ఫిల్ముకీ మధ్య ఓ అద్దం పైకీ కిందకీ ఊగాలి. దానికి చోటు కావాలి కాబట్టి నికాన్ ఎఫ్ మౌంటు నుంచి ఫిల్ము దాకా 46.5 మి.మీ. దూరం పెట్టారు. 28 మి.మీ. లెన్సు మామూలుగా ఫిల్ముకి అంతకన్నా దగ్గరగా కూర్చోవాలి, కానీ అద్దం అడ్డం. అందుకని ముందు వైపు పెద్ద పుటాకార కటకం పెట్టి, బొమ్మని వెనక్కి నెట్టే డిజైన్ వాడతారు. ఫ్రాన్స్‌కి చెందిన ఆంజెన్యూ కంపెనీ 1950లో ఇలాంటి లెన్సుకి పెట్టిన పేరే "రెట్రోఫోకస్". దీనివల్ల గాజు పెరుగుతుంది, గాజుతో పాటు బరువూ పెరుగుతుంది.

రేంజ్‌ఫైండర్‌లో అద్దం లేదు. లైకా ఎం మౌంటు నుంచి ఫిల్ము దాకా 27.8 మి.మీ. మాత్రమే. లెన్సు వెనక భాగం ఇంకా లోపలికి కూడా పోవచ్చు. కాబట్టి ముందూ వెనకా దాదాపు ఒకేలా ఉండే సౌష్ఠవమైన డిజైన్లు కుదురుతాయి. అవి చిన్నగా ఉంటాయి, గీతలు వంకర పోకుండా గీస్తాయి. కాసినా కంపెనీ వోక్ట్‌లెండర్ పేరుతో చేసిన కలర్-స్కోపార్ 35 మి.మీ. ఎఫ్/2.5 బరువు సుమారు 134 గ్రాములు. జేబులో వేసుకుంటే మర్చిపోయేంత.

చిన్నదనానికి ఇంకో ఉపయోగం ఉంది. లెన్సు పెద్దదైతే కిటికీలో కుడివైపు కింది మూలకి అడ్డం వస్తుంది. మనం తీసే బొమ్మలో ఓ ముక్క మనకే కనబడదు.

ఎంత వెడల్పు కావాలి? లెక్క వేసి చూద్దాం

"21 బాగుంటుందా, 28 బాగుంటుందా" అని వాదించుకునే ముందు మనకి తెలిసిన గుణకారం చేద్దాం. 35 మి.మీ. ఫిల్ము ఫ్రేము 36 మి.మీ. వెడల్పు. ఎదురుగా ఉన్న దూరాన్ని 36తో గుణించి, ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎంత వెడల్పు పడుతుందో వచ్చేస్తుంది. రెండు మీటర్ల దూరంలో:

- 50 మి.మీ. లెన్సు: 1.44 మీటర్లు
- 35 మి.మీ. లెన్సు: 2.06 మీటర్లు
- 28 మి.మీ. లెన్సు: 2.57 మీటర్లు
- 21 మి.మీ. లెన్సు: 3.43 మీటర్లు

మన ఇళ్ళల్లో పదడుగుల గది అంటే మూడు మీటర్లు. గోడకి ఆనుకుని నిలబడితే ఎదుటి మనిషికీ మనకీ మధ్య మిగిలేది ఆ రెండు మీటర్లే. మంచం మీద కూర్చున్న నాన్న, పక్కన కుర్చీలో పేపరు చదివే బాబాయి, గుమ్మంలో అమ్మ, ముగ్గురూ పడాలంటే 50తో కాదు, 35తో కష్టం, 28తో హాయిగా సరిపోతుంది.

మరైతే 21 ఇంకా మంచిది కదా అంటారా? దానికీ ఓ ఖరీదుంది. వైడ్ లెన్సు అంచుల్లో గుండ్రటి వస్తువుల్ని సాగదీస్తుంది. అది లెన్సు లోపం కాదు, బల్లపరుపు ఫిల్ము మీద విశాలమైన దృశ్యాన్ని పరిస్తే వచ్చే జ్యామితి. ఎడమ, కుడి అంచుల్లో తల వెడల్పు 35తో సుమారు 12 శాతం, 28తో 19 శాతం, 21తో 32 శాతం సాగుతుంది. పెళ్ళి గ్రూపు ఫోటోలో చివర నిలబడ్డ మేనమామకి ఇది నచ్చదు, చెప్పకపోయినా ఆల్బం చూసేటప్పుడు మొహంలో తెలుస్తుంది! గుడి గోపురాలకీ, కొండలకీ 21 బాగుంటుంది. మనుషులకి 28 దాటి పోకపోవడం మంచిది.

కొనేముందు ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఫోన్లలో మెయిన్ కెమెరా ఎక్కువగా 24 నుంచి 28 మి.మీ. లెన్సుకి సమానంగా ఉంటుంది. ఓ నెల జూమ్ ముట్టుకోకుండా దాంతో తీయండి. ప్రతిసారీ "అనవసరమైనవి ఎక్కువ పడుతున్నాయే" అనిపిస్తే మీది 35 చూపు.

కళ్ళజోడు ఉన్నవాళ్ళకి హెచ్చరిక

కిటికీలో ఏ లెన్సుకి ఎంత పడుతుందో చూపే తెల్లటి ఫ్రేము గీతలుంటాయి. ఎం3లో 50 కంటే వెడల్పు లెన్సుకి గీతలే లేవు. 1984 నాటి ఎం6లో 28కి ఉన్నాయి, కానీ మామూలు 0.72 మాగ్నిఫికేషన్ కిటికీలో కళ్ళజోడుతో ఆ గీతలన్నీ ఒక్క చూపులో కనబడవు. కన్ను అటూ ఇటూ జరపాలి. 2006లో వచ్చిన వోక్ట్‌లెండర్ బెస్సా ఆర్4ఎం, ఆర్4ఏలలో 21 దాకా గీతలు ఇచ్చారు. ఇప్పుడవి పాతవే దొరుకుతాయి. 21 వాడేవాళ్ళు చాలామంది కెమెరా నెత్తిన విడి ఫైండర్ పెట్టుకుంటారు. దాంట్లో ఫోకస్ కనబడదు కాబట్టి ఓ కిటికీలో ఫోకస్, ఇంకో కిటికీలో కూర్పు.

వెలుతురు సంగతి

చిన్న లెన్సు అంటే ఎపర్చర్ కూడా చిన్నదే. 1955 నాటి డిజైన్‌ని లైకా 2016లో మళ్ళీ విడుదల చేసిన సుమ్మరాన్ 28 మి.మీ. చాలా ముద్దుగా ఉంటుంది, కానీ ఎఫ్/5.6. ట్యూబ్‌లైటు వెలుగులో దానితో ఇబ్బందే. ఎఫ్/2.8 అంటే దానికి నాలుగు రెట్ల కాంతి.

పగలు మాత్రం వైడ్ లెన్సు గొప్ప సుఖం. 28ని ఎఫ్/8లో పెట్టి 3.3 మీటర్ల దగ్గర ఫోకస్ ఉంచితే, సుమారు 1.65 మీటర్ల నుంచి అనంతం దాకా అన్నీ స్పష్టంగా పడతాయి. ఇక ఫోకస్ ముట్టుకోనక్కర్లేదు. రైతుబజారులోనో, గోదావరి రేవులోనో కెమెరా ఎత్తడం, నొక్కడం, దించడం, అంతే.

డిజిటల్ బాడీ ఉన్నవాళ్ళకి

లెన్సు వెనక గాజు ఫిల్ముకి దగ్గరగా ఉంటే అంచులకి కాంతి బాగా ఏటవాలుగా వెళుతుంది. ఫిల్ము పట్టించుకోదు, సెన్సర్ పట్టించుకుంటుంది. పాత సౌష్ఠవ డిజైన్లు, ముఖ్యంగా 21 ఎఫ్/4 కలర్-స్కోపార్ లాంటివి, కొన్ని సెన్సర్ల మీద అంచుల్లో ఊదా రంగు తెస్తాయి. అడాప్టర్‌తో సోనీ ఏ7కి తగిలిస్తే మూలలు అలుక్కుపోవచ్చు, దాని సెన్సర్ ముందున్న గాజు పొర లైకా కన్నా మందం. 2006లో వచ్చి 2016లో మెరుగుపడ్డ లైకా ఎల్మరిట్ 28 ఎఫ్/2.8 ఈ విషయంలో నయం, సుమారు 175 గ్రాములు. ధర మాత్రం వోక్ట్‌లెండర్ కన్నా చాలా ఎక్కువ.

పాతది కొనేటప్పుడు

ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి వేసి చూడండి. సాలెగూడులాంటి పోగులుంటే బూజు, పల్చటి పొగలా ఉంటే మసక. మినోల్టా సీఎల్ఈ కోసం చేసిన రోకోర్ 28లో ముందు గాజు లోపల తెల్ల చుక్కలు వస్తాయని పేరు, తప్పకుండా చూసుకోండి. మన కోస్తా తేమకి బూజు త్వరగా పడుతుంది, కాబట్టి ఇండియా వెళ్ళినప్పుడు సంచిలో సిలికా జెల్ పొట్లాలు ఉంచండి.

ఇంకో జాగ్రత్త: లైకా ఫిల్ము బాడీల్లో షట్టర్ గుడ్డది. క్యాప్ తీసి కెమెరాని సూర్యుడికి ఎదురుగా వదిలేస్తే, భూతద్దంతో కాగితం కాల్చినట్టు చిల్లు పడే ప్రమాదముంది. అలాగని క్యాప్ పెట్టి ఉంచితే కిటికీలోంచి అంతా మామూలుగానే కనబడుతుంది, ఫిల్ము మాత్రం ఖాళీగా వస్తుంది.

నా లెక్క ఎలా తేలిందంటే

నాకు కళ్ళజోడుంది, బాడీ ఎం6. ఆ ప్రకారం 35 కొనాలి. కానీ నేను ఎక్కువ ఫోటోలు తీసేది ఇక్కడ కాదు, రెండేళ్ళకోసారి మూడు వారాలు వెళ్ళే మా ఇంట్లో. పెద్ద ఎస్ఎల్ఆర్ ఎత్తగానే అమ్మ కొంగు సర్దుకుంటుంది, నాన్న చొక్కా కోసం లోపలికి వెళ్ళి, వచ్చి సావధాన్‌లో నిలబడతారు. నాకు కావలసింది ఆ నిలబడ్డ నాన్న కాదు, బనీనుతో మంచం మీద కూర్చుని మందుల డబ్బా వెతుక్కునే నాన్న. ఆ గదుల కొలతలు వేస్తే 28 అని తేలింది.

పాత వోక్ట్‌లెండర్ కలర్-స్కోపార్ 28 ఎఫ్/3.5 కొన్నాను. మర మౌంటుది కాబట్టి అడాప్టర్ కావాలి. 28/90 గీతలు తెచ్చే అడాప్టరే అడిగి తీసుకోండి, లేకపోతే కిటికీలో వేరే లెన్సు గీతలు వస్తాయి. రాత్రిళ్ళు ఫిల్ముని ఐఎస్ఓ 1600కి పుష్ చేసి, ఎఫ్/3.5, సెకనులో 30వ వంతు. ఊగే అద్దం లేదు కాబట్టి చెయ్యి నిలుస్తుంది. రెండు మీటర్ల దగ్గర ఫోకస్ పెడితే 1.6 నుంచి 2.7 మీటర్ల దాకా స్పష్టం, అంటే గదిలో మనుషులుండే మేరంతా. గీతలు అన్నీ ఒకేసారి కనబడకపోయినా కొన్ని రోల్స్ అయ్యాక చూపుకి అంచు తెలిసిపోతుంది.

మీ ఇంటి గదులు వేరు, మీ కళ్ళు వేరు. మీకు 35 తేలవచ్చు. లెన్సు పేరు వెతికే ముందు మాత్రం టేపు తీసుకుని, మీరు ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టి చూడాలనుకుంటున్నారో ఆ గది కొలవండి. ఊళ్ళో ఉంటే ఫోన్ చేసి ఎవరితోనైనా కొలిపించండి. ఎందుకని అడుగుతారు, చెప్పండి. ఆ వంకతో ఓ పావుగంట మాట్లాడినట్టూ ఉంటుంది.