సమ్మె వాళ్లది, టికెట్ మనది

2024 మే 7 రాత్రి నుంచి ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ సిబ్బంది పెద్ద సంఖ్యలో, ఒంట్లో బాగాలేదని ఒక్కసారిగా సెలవు పెట్టారు. యాజమాన్యంతో ఉన్న పేచీ అలా బయటపడింది. గల్ఫ్ విమానాలు వరుసగా రద్దయ్యాయి. 25 మందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు. మే 9న ఢిల్లీలో చీఫ్ లేబర్ కమిషనర్ సమక్షంలో రాజీ కుదిరాక వాళ్లను మళ్లీ తీసుకున్నారు. సమ్మె చేసే హక్కును నేను తప్పుబట్టను. కానీ వీసా గడువు దగ్గరపడి ఎయిర్‌పోర్టులో చిక్కుకుపోయిన ప్రయాణికుడి తరఫున అలాంటి రాజీల్లో మాట్లాడేవాళ్లు ఉండరు.

నంద్యాల సంజీవనగర్‌లో నాది టికెట్ బుకింగ్ షాపు. ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల వైపు నుంచి కువైట్, మస్కట్ పోయేవాళ్లు వస్తుంటారు. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే ఒకాయన కొడుకు సెలవు ముగించుకొని బెంగుళూరులో విమానం ఎక్కబోతే, సమ్మె వల్ల అది రద్దయింది. కౌంటర్‌లో వాళ్లు "సమ్మె కదా, మేమేం ఇయ్యలేం" అన్నారంట. అర్ధరాత్రి ఫోన్ చేసినాడు.

"అన్నా, దుడ్లు పోయినట్టేనా? యాప్‌లో క్యాన్సిల్ అని ఉంది, నొక్కేదా?"

"నొక్కద్దు నాయనా. నువ్వు నొక్కితే ప్రయాణం నువ్వే మానుకున్నట్టు లెక్క, ఛార్జీలు కోస్తారు. వాళ్లు రద్దు చేసినట్టు మెసేజ్ వచ్చింది కదా, అది స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపు. కౌంటర్‌లో వేరే విమానం అడుగు, అన్నం అడుగు."

కౌంటర్‌లో వాళ్లు చెప్పింది సగం నిజం. విమానం రద్దయితే ఏమేం ఇవ్వాలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2010లోనే నిబంధనలు పెట్టింది, తర్వాత సవరించింది. ముందుగా చెప్పకుండా రద్దు చేస్తే నష్టపరిహారం ఇవ్వాలి. గంట లోపు ప్రయాణానికి 5,000, రెండు గంటల లోపుకు 7,500, ఆపైన 10,000 రూపాయలు, లేదా ఒకవైపు బేసిక్ ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపి, ఏది తక్కువైతే అది. సమ్మె అయితే ఈ పరిహారం ఉండదు. వరదలు, అల్లర్లతో పాటు సమ్మెలను కూడా కంపెనీ చేతిలో లేని కారణాల్లో చేర్చారు.

విమానం రద్దయినప్పుడు పోయేది ఆ పరిహారం ఒక్కటే. మరో విమానంలో సీటు గానీ, టికెట్ డబ్బు మొత్తం వాపసు గానీ ఇవ్వాల్సిందే, ఆ రెంటిలో ఏది కావాలన్నది ప్రయాణికుడి ఇష్టం. అప్పటికే ఎయిర్‌పోర్టుకు వచ్చి ఎదురుచూస్తుంటే భోజనం పెట్టాలి. రద్దు చేయకుండా 24 గంటలు మించి ఆలస్యం చేసినా, రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 లోపు బయలుదేరాల్సింది 6 గంటలు మించి ఆలస్యమైనా హోటల్ గది ఇవ్వాలని నిబంధన, ఆలస్యానికి కారణం సమ్మె అయితే మాత్రం అది వర్తించదు. "సమ్మె" అన్న మాట వినగానే సీటు, వాపసు, భోజనం ఏదీ అడక్కుండా మనవాళ్లు బస్సెక్కి వచ్చేస్తారు. నా బాధంతా అదే.

వరదనూ సమ్మెనూ ఒకే గాటన కట్టడం నాకు న్యాయం అనిపించదు. కుందూ నది పొంగితే ఎవరూ ఆపలేరు. సొంత సిబ్బందితో జీతాల గొడవ అలా కాదు, అది యాజమాన్యం తేల్చుకోవాల్సిన పని. యూరప్‌లో కోర్టులు ఈ తేడా చూశాయి. స్కాండినేవియా విమాన కంపెనీ ఎస్ఏఎస్ పైలట్ల సమ్మె కేసులో 2021 మార్చిలో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం, సొంత పైలట్ల సమ్మెను చూపి పరిహారం ఎగ్గొట్టడం కుదరదని తేల్చింది. విమానాల రాకపోకలను నియంత్రించే ఏటీసీ సిబ్బంది సమ్మె అయితే వేరు. జర్మనీలో చదివే మన పిల్లలు ఫ్రాంక్‌ఫర్ట్‌లో హైదరాబాద్ విమానం ఎక్కేటప్పుడు, అది ఏ కంపెనీదైనా, అక్కడి చట్టమే వర్తిస్తుంది. 3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణానికి 600 యూరోల దాకా రావచ్చు. అందుకే సమ్మె ఎవరిదో రాతపూర్వకంగా అడిగి తీసుకోమంటాను.

ఇంకో సంగతి మన ఊళ్లలోనే ఎక్కువ. టికెట్ మీద ఏజెంట్లు తమ ఫోన్ నంబరే వేసేస్తారు. రద్దు మెసేజ్ రాత్రి ఏజెంట్ ఫోన్‌కు వస్తుంది, ప్రయాణికుడు అప్పటికే బెంగుళూరు బస్సులో ఉంటాడు. సరైన నంబరు ఇవ్వనివాళ్లకు పరిహారం ఇవ్వక్కర్లేదని కూడా నిబంధనల్లో ఉంది. నా షాపులో ప్రయాణికుడి నంబరు వేయకుండా టికెట్ తీయను. ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు నుంచి బెంగుళూరుకు ఒక టికెట్, అక్కడి నుంచి గల్ఫ్‌కు వేరే కంపెనీలో విడిగా ఇంకో టికెట్ తీసేవాళ్లకూ ఒక మాట చెబుతాను. మొదటిది రద్దయి రెండోది తప్పిపోతే రెండో కంపెనీ పూచీ పడదు.

ఏజెంట్ దగ్గర కొన్నా సరే, డబ్బు వాపసు చేయించే బాధ్యత విమాన కంపెనీదే. కంపెనీ పలక్కపోతే కేంద్ర ప్రభుత్వ ఎయిర్ సేవా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అదీ కాకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మనం నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. టికెట్, రద్దు మెసేజ్, ఆ రాత్రి సొంత డబ్బుతో తిన్న భోజనం బిల్లు, హోటల్ బిల్లు దాచుకొని ఉంటే చాలు.