మాండొలిన్‌కు గమకం నేర్పిన బాలుడు

మాండొలిన్ పాశ్చాత్య వాద్యం. జంట తీగెలు, మీటిన నాదం క్షణంలో అణగిపోతుంది. గమకమే ప్రాణమైన కర్ణాటక సంగీతానికి అది పనికిరాదని పెద్దలు పెదవి విరిచారంటే వారిని తప్పుపట్టలేము. 1969లో పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ ఆ వాద్యాన్నే చేపట్టాడు. కడప, కర్నూలు జిల్లాల ఉపాధ్యాయులు ఒక ముచ్చట గమనింపవలె. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించుట రాదు! ఆయన పాడేవారు, శిష్యుడు ఆ పాటను తీగెలపై వెదకుకొనేవాడు. వ్రేళ్ళకు చూపే మార్గదర్శి లేడు గనుక కంఠమే మార్గమైంది. శ్రీనివాస్ వాద్యంలో గాత్రధర్మం పలకడానికి కారణం ఇదేనని నా తలంపు. విద్యుత్ మాండొలిన్‌కు అయిదు ఒంటి తీగెలు అమర్చుకొని నాదాన్ని నిలిపాడు.

1978లో గుడివాడ త్యాగరాజోత్సవంలో తొలి కచేరీ. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. జాజ్ వారికి మనోధర్మం కొత్త కాదు గదా! తరువాత జాన్ మెక్‌లాఫ్లిన్‌తో ‘రిమెంబర్ శక్తి’ బృందంలో వాయించారు. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో కన్నుమూసేనాటికి ఆయన వయస్సు 45.