‘మా సింగరేణి’ అనిపించేదేమిటి?

భూగర్భ గనిలో షిఫ్టు మొదలైందంటే కార్మికుల భద్రత చూసే మైనింగ్ సర్దార్ ముందు చూడాల్సింది పైకప్పు. కర్రతో తడుతూ చెవి రిక్కిస్తాడు. గట్టిగా మోగితే సరే. డొల్లగా వినిపించిందా, ఆ చోటికి మనిషిని పంపకూడదు. అవతల టార్గెట్ ఉంటుంది, పైఅధికారుల తొందర ఉంటుంది. ‘కప్పు బాగాలేదు సార్, పని ఆపుతున్నా’ అన్నప్పుడు ఆఫీసర్ ఏమంటాడు? కంపెనీ మీద మమకారం నిలిచేదీ, విరిగేదీ ఆ జవాబుతోనే అని నా నమ్మకం. ఒక్కసారి కసురుకుంటే చాలు, ఆ సర్దార్ మరోసారి నోరు విప్పడానికి వెనకాడతాడు.

మా బొగ్గు కంపెనీ సింగరేణి 1990ల్లో రెండుసార్లు ఖాయిలా పరిశ్రమల బోర్డు (బీఐఎఫ్‌ఆర్) గడప తొక్కింది. ఏదో ఒక బాయి (గని) మీద ఎప్పుడూ సమ్మే. అలాంటి కంపెనీ కోలుకుని, లాభాల్లో కార్మికులకు వాటా పంచే స్థాయికి వచ్చింది. 2023-24కు ఆ వాటా, విస్తరణకు తీసిపెట్టగా మిగిలిన లాభంలో 33 శాతం. 796 కోట్లు, సగటున తలా లక్షా 90 వేలు. ఆ డబ్బు చేతికొచ్చాక దసరా ముందు గోదావరిఖని, మందమర్రి బజార్ల కళే వేరు.

అయినా వాటా ఒక్కటే మనిషిని కట్టిపడేయదు. ఉద్యోగి సంస్థలో ఉండిపోవడానికి మేయర్, ఆలెన్ అనే పరిశోధకులు 1991లో మూడు కారణాలు చెప్పారు: ఇష్టం, వదిలితే నష్టమన్న లెక్క, ఉండటం ధర్మమన్న భావన. కోల్‌బెల్టు ఇళ్లలో ఈ మూడూ కలగలిసిపోయాయి. కంపెనీ క్వార్టర్, కంపెనీ దవాఖానా, తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుక్కి కారుణ్య నియామకం. దీన్ని ఒట్టి ఉద్యోగ భద్రత అని తీసిపారేయలేను. ఒళ్లు చెడి పనికిరాకుండా పోయినవాడి ఇంటిని కంపెనీ గాలికి వదిలేయలేదని చుట్టుపక్కల నలుగురూ చూస్తారు. ఆ చూసినవాళ్లు ఇంకా బాయిలోకి దిగాల్సినవాళ్లే.

మమకారమంటే యాజమాన్యం చెప్పినదానికల్లా తలూపడం కూడా కాదు. తెలంగాణ రాష్ట్రం కోసం జరిగిన 2011 సకల జనుల సమ్మెలో జీతాలు పోతాయని తెలిసీ 35 రోజులు పని బంద్ చేసింది ఈ కార్మికులే. ఆ తర్వాత మళ్లీ మస్టర్ పడి, అదే పట్టుదలతో బొగ్గు తీశారు.

నన్ను కలవరపెట్టేది కాంట్రాక్టు కార్మికుల సంగతి. దాదాపు 25 వేల మంది ఉన్నారు. 2024లో లాభాల నుంచి తొలిసారి వాళ్ల చేతికీ ఐదేసి వేలు వచ్చాయి. ఇవ్వడం మంచిదే, సందేహం లేదు. కానీ అదే దుమ్ము పీల్చే పక్కమనిషికి లక్షా 90 వేలు! పైగా కాంట్రాక్టర్ మారితే తన పని ఉంటుందో ఊడుతుందో తెలియని బతుకు. ఓపెన్‌కాస్టుల్లో మట్టి ఎత్తే పని చాలావరకు ఇప్పుడు ప్రైవేటు కాంట్రాక్టర్లదే. బొగ్గు గనుల కాంట్రాక్టు కార్మికుల కోసం హైపవర్ కమిటీ ఖరారు చేసిన వేతనాలు అమలు చేయమని కాంట్రాక్టు కార్మికులు ఏళ్లుగా అడుగుతున్నారు. వాళ్లూ ‘మా సింగరేణి’ అనాలని కంపెనీ కోరుకుంటే, ముందు ఆ వేతనాల ఫైలు కదలాలి.