ఎస్సెమ్మెస్ ఎక్కడ దాగుంటుంది?

2018 మేలో తెలంగాణలో రైతులకు పెట్టుబడి సాయమిచ్చే రైతుబంధు మొదలైనప్పుడు చేతికి చెక్కులిచ్చారు. తర్వాత డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడసాగింది. అప్పటినుంచి జనగామ చెలకల్లోనైనా, కేసముద్రం మార్కెట్‌లోనైనా పైసలు పడ్డ సంగతి ఫోన్ టింగుమంటేనే తెలిసేది. భూపాలపల్లి సింగరేణి కార్మికుడి జీతమూ అంతే. పాస్‌బుక్కు ప్రింట్ వేయించుకునే ఓపిక లేనివాళ్లకు ఆ మెసేజీలే పద్దు పుస్తకం. ఫోన్ పోతే పద్దూ పోతుంది. సిమ్ కంపెనీ దగ్గర ఉంటుందిలే అనుకోవద్దు. మన ఫోన్ ఆఫ్‌లో ఉంటే మెసేజ్‌ను కొంతకాలం పట్టి ఉంచి, అందగానే చేతులు దులుపుకోవడమే అక్కడి యంత్రం పని.

అసలు ఎస్సెమ్మెస్ పుట్టిందే చిన్న మాటల కోసం. 1985లో జర్మనీలోని బాన్ నగరంలో టెలికాం ఇంజినీరు ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ టైప్‌రైటర్ ముందు కూర్చుని, తోచిన వాక్యాలు కొట్టి అక్షరాలు లెక్కపెట్టాడు. 160 చాలునని తేల్చాడు. 1992 డిసెంబర్ 3న బ్రిటన్‌లో నీల్ పాప్‌వర్త్ కంప్యూటర్ నుంచి మొదటి సందేశం పంపాడు. అది క్రిస్మస్ శుభాకాంక్ష.

ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు. 160 అక్షరాలకు 140 బైట్లు. తెలుగుకు 16 బిట్ల సంకేతాలు కావాలి కాబట్టి అదే చోటులో 70 మాత్రమే పడతాయి. గుణింతాలు, పొల్లులు విడిగా లెక్కకొస్తాయి: ‘భూపాలపల్లి’ కంటికి అయిదక్షరాలు, మెసేజ్‌కు పది. హిల్లెబ్రాండ్ మన వాక్యాలు కొట్టి చూడలేదు మరి! 70 దాటితే సందేశం ముక్కలవుతుంది. ముక్కలు అతికే వివరానికి కొంత చోటు పోగా ఒక్కోదానికి 67 మిగులుతాయి. పాత ఫోన్లలో సిమ్ కార్డే పెట్టె, ఒక్కో ముక్కకూ ఒక్కో గది. పెద్ద తెలుగు మెసేజ్ మూడు గదులు తినేసేది.

ఆండ్రాయిడ్‌లో మెసేజీలన్నీ ఒకే డేటాబేస్ ఫైల్లో ఉంటాయి. నంబరు, సమయం, చదివామా లేదా, విషయం — మెసేజ్‌కు ఒక వరుస. సమయాన్ని 1970 జనవరి 1 నుంచి మిల్లీసెకన్లలో రాసుకుంటుంది. ఆ ఫైల్‌ను ఫొటోలా కాపీ చేయనివ్వదు. వాట్సాప్ బ్యాకప్‌లో ఇవి రావు. అది దాని చాట్లే దాస్తుంది.

మెసేజీలు పోకుండా దాచుకోవడానికి సులువైన దారి గూగుల్ ఖాతా బ్యాకప్. ఆన్‌లో ఉందో లేదో సెట్టింగ్స్‌లో చూసుకోవాలి. ఫోన్ 57 రోజులు వాడకుండా పడి ఉంటే ఆ బ్యాకప్‌ను తీసేయవచ్చని గూగులే చెబుతుంది.

నాకు నచ్చిన దారి ‘ఎస్‌ఎంఎస్ బ్యాకప్ అండ్ రీస్టోర్’ లాంటి యాప్. మెసేజీలన్నిటినీ ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా రాసిస్తుంది. యాప్ మూతపడ్డా ఆ ఫైల్‌ను ఏ కంప్యూటర్లోనైనా తెరిచి చదువుకోవచ్చు. చదవగలిగేది మనమొక్కరమే కాదు గనుక, బ్యాంకు నిల్వలున్న ఆ ఫైల్‌ను మొబైల్ షాపు కంప్యూటర్లో వదిలి రాకూడదు. తేదీలు కూడా ఫైల్లోనే ఉంటాయి కాబట్టి, యాసంగి డబ్బుల మెసేజ్ కొత్త ఫోన్లోనూ యాసంగి వరుసలోనే కూర్చుంటుంది.

ఒక చిక్కుంది. 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.4 నుంచి, డిఫాల్ట్ మెసేజ్ యాప్ తప్ప మరోటి ఆ డేటాబేస్‌లో రాయలేదు. అందుకే వెనక్కి ఎక్కించేటప్పుడు బ్యాకప్ యాప్ ఆ హోదా అడుగుతుంది. ఇచ్చి, పనయ్యాక పాత యాప్‌కు మార్చుకోవాలి. మరిచిపోతే కొత్త మెసేజీలు ఎటు పోతున్నాయో వెతుక్కోవలసి వస్తుంది.