వానపాములకు వేసవి సెలవులుండవు!

పురుగంటే చాలు, "చీ, ముట్టుకోకు" అనేస్తాం మనం. ఇప్పుడు కొన్ని స్కూళ్ళలో పిల్లలచేత వానపాముల ఎరువు తయారు చేయిస్తున్నారు. టీచర్లు ఎంత ఓపిగ్గా నేర్పినా, ఇంట్లో మనం అనే ఆ ఒక్కమాటతో పాఠం కాస్తా కొట్టుకుపోతుంది.

మా పేటలోని ఓ బడిలో ఆరోతరగతి పిల్లలు పెట్టిన తొట్టిని చూశాను. పెద్ద ఖర్చేం లేదు. పాత ప్లాస్టిక్ టబ్బుకి చిల్లులు పెట్టి ఇటుకలమీద నిలబెట్టారు. కారే నీటికి కింద ఓ పళ్ళెం. లోపల తడిపి పిండిన కొబ్బరిపీచు, చింపిన న్యూస్ పేపర్లు, ఎండుటాకులు, పాతబడ్డ పేడ. పైన తడి గోనెపట్టా. పెరట్లో తవ్వితే దొరికే వానపాములన్నీ దీనికి పనికిరావు. లోతుగా మట్టిలోకి పోయేవి కాక, పైపైన చెత్తలోనే బతికే ఎర్ర రకం కావాలి. కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడిగి చూడొచ్చు.

మధ్యాహ్న భోజనానికి తరిగిన కూరల తొక్కలు, అరటితొక్కలు, వాడేసిన టీపొడి వీటికి విందు. ఉప్పూ నూనే తగిలిన కూరలు, పచ్చళ్ళు, పెరుగు, మాంసం, నిమ్మతొక్కలు మాత్రం వేయకూడదు. రెండు మూడు నెలల్లో నల్లటి ఎరువు చేతికొస్తుంది. కంపు కొడుతుందేమోనని భయం వద్దు. సరిగ్గా చూసుకుంటే తడిమట్టి వాసనే. కుళ్ళు వాసన వచ్చిందంటే తిండో, నీళ్ళో ఎక్కువైందని గుర్తు.

వానపాముకి పళ్ళుండవనీ, చర్మంతోనే గాలి పీలుస్తుంది కాబట్టి తడి ఆరకూడదనీ పిల్లలే నాకు చెప్పారు. రెండు ముక్కలు చేస్తే రెండు వానపాములవుతాయన్నది ఉత్తమాటేనట! 1881లో డార్విన్ వీటిమీద ఏకంగా ఓ పుస్తకమే రాశాడు.

నాకు అన్నిటికన్నా నచ్చింది గోడకి అంటించిన వంతుల పట్టిక. చెత్తపని ఆయమ్మకో, ఆడపిల్లలకో వదిలేయలేదు. మగపిల్లల పేర్లూ సమానంగా ఉన్నాయి. "మా ఇంట్లో చెత్తబుట్ట ఎప్పుడూ అమ్మే తీస్తుంది ఆంటీ" అన్నాడొక అబ్బాయి తొక్కలు సర్దుతూ. ఏ పుస్తకం నేర్పుతుంది చెప్పండి ఆ సంగతి?

అసలు చిక్కు ఏప్రిల్ చివర్లో వస్తుంది. బడి మూస్తే మళ్ళీ తెరిచేది జూన్‌లోనే. 35 డిగ్రీలు దాటిన వేడికి వానపాములు బతకడం కష్టం. మన ఎండలేమో నలభై దాటుతాయి! "తొట్టి ఎవరు తీసుకెళ్తారు?" అని టీచరమ్మ అడిగితే బోలెడు చేతులు లేచాయట. తెల్లారేసరికి చాలామంది, "అమ్మ వద్దంది" అన్నారట.

ఆ అమ్మలం మనమే కదా! మెట్లకిందో, నీళ్ళకుండ పక్కనో ఓ చల్లని నీడ చాలు. గోనెపట్టా తడి ఆరకుండా చూస్తే సరి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోమంటే మన బెంగా తీరుతుంది. మీ అమ్మాయో, అబ్బాయో వచ్చి అడిగితే ఈసారి సరేననండి. రోజూ నీళ్ళు చిలకరించే పని మాత్రం వాళ్ళకే వదిలేయండి. ఓ ప్రాణం తనమీద ఆధారపడిందని తెలిసిన పిల్లలు ఆ పని మరిచిపోరు.