మందా, మంత్రమా?

హిందూపురంలో రైలెక్కి, 1980 దశకంలో లక్షలమందిని ఊపేసిన యండమూరి ‘తులసిదళం’ మళ్లీ తెరిచాను. పెనుకొండలో, మూర్ఛలొచ్చే బిడ్డతో ఎక్కిన తల్లి కథ చెప్పించుకుని అడిగింది: “పాపకు మందుతో బాగయిందా, మంత్రంతోనా సార్?”

చిక్కంతా అక్కడే. కాష్మోరాతో మాంత్రికులు, హిప్నాటిజంతో వైద్యులు ఒకేసారి తలపడతారు. ఏది నెగ్గిందో తేల్చుకునే భారం పాఠకుడిది. ఉత్కంఠ పుట్టేది ఆ సందిగ్ధంలోంచే. (కథనబలం మీద నాకు ఫిర్యాదు లేదు.) అయితే శాస్త్రాన్ని మంత్రంతో సమానంగా తూచినప్పుడు, హిప్నాటిజమూ మరో మంత్రమే అవుతుంది.

మూర్ఛ మెదడులోని విద్యుత్ అలజడి అనీ, మందులు క్రమంగా వాడితే నూటికి 70 మందికి దాకా అదుపులోకి వస్తుందనీ ఆమెకు చెప్పాను.

ధర్మవరంలో దిగుతూ, “పుస్తకంలో అట్లే రాసినారా?” అంది.

లేదన్నాను.