మచిలీపట్నం ఎన్ని బైట్లు?

మచిలీపట్నం అని రాస్తే కంటికి కనిపించేవి 5 అక్షరాలు: మ, చి, లీ, ప, ట్నం. కంప్యూటర్ లెక్కలో అవి 10. దాచుకోవడానికి పట్టే చోటు 30 బైట్లు.

కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. వాటినైనా 0, 1 అనే రెండు గుర్తులతోనే రాసుకుంటుంది. అలాంటి ఒక్కో గుర్తు బిట్. 8 బిట్లు కలిస్తే బైట్. ఒక బైట్‌లో 256 కూర్పులు వీలవుతాయి. ఇంగ్లీషుకు అది ధారాళం. ప్రపంచంలోని లిపులన్నిటికీ చాలదు గనుక యూనికోడ్ ఒక్కో అక్షరానికి ఒక స్థిరమైన సంఖ్య కేటాయించింది. తెలుగు వంతుకు 3072 నుంచి 3199 వరకు 128 గదులు వచ్చాయి. బాగా వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో వీటిలో ఒక్కోటి 3 బైట్లు తీసుకుంటుంది. టైపు చేస్తున్నంతసేపూ ఆ బైట్లు ర్యామ్‌లో ఉంటాయి. సేవ్ చేస్తేనే డిస్క్‌కు చేరతాయి. చేయకముందే కరెంటు పోతే ర్యామ్‌లోది పోయినట్టే.

గుణింతాలు, వత్తులు కలిసి వేల కూర్పులయ్యే లిపి 128 గదుల్లో ఎలా ఇమిడింది? ఇమడలేదు, అసలు తమాషా అదే. ‘ట్న’కు సంఖ్యే లేదు. ట 3103, పొల్లు 3149, న 3112. ఈ మూడూ వరసగా నిలబడతాయి, అంతే. తెర మీద చూపే వేళకు షేపింగ్ ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్ ఆ వరసను చదువుతుంది. రెండు హల్లుల మధ్య పొల్లు కనబడగానే ఫాంట్‌లోని పట్టిక తిరగేసి, నావత్తు బొమ్మ తెచ్చి ట కింద అమరుస్తుంది. కాబట్టి నావత్తు ఫైల్లో ఎక్కడా ఉండదు, చూపిన ప్రతిసారీ కొత్తగా తయారవుతుంది. ‘ట్నం’ చివర బ్యాక్‌స్పేస్ నొక్కితే చాలా సాఫ్ట్‌వేర్లలో ముందు సున్న ఒక్కటే పోతుంది. మళ్లీ నొక్కితే వత్తు పోయి ‘ట్’ మిగులుతుంది. లోపలి వరస అలా బయటపడుతుంది.

ఫాంట్ అంటే ఆ బొమ్మలూ ఆ పట్టికా కలిపిన ఫైలు. సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసిన ‘మండలి’ ఫాంట్‌కు దివిసీమ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు పేరు పెట్టారు. దాన్ని రూపొందించినవారు పురుషోత్ కుమార్ గుత్తుల. మండలి తీసి గౌతమి పెట్టినా బొమ్మలు మారతాయి గాని ఆ 30 బైట్లూ మారవు.

డీటీపీ సెంటర్లు ఏళ్ల తరబడి నమ్ముకున్న అను ఫాంట్ల దారి వేరు. అవి అక్షరానికి కాక తలకట్టు, వత్తు వంటి ముక్కలకే సంఖ్యలిచ్చి, వాటిని ఇంగ్లీషు అక్షరాల గదుల్లో కూర్చోబెట్టాయి. శుభలేఖ అందంగానే అచ్చవుతుంది. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే మాత్రం అర్థంలేని ఇంగ్లీషు గజిబిజి. తెలుగు పదం పెట్టి వెతికినా దొరకదు. అయితే ఆనాటి పేజీ సాఫ్ట్‌వేర్లకు వత్తులు కూర్చే విద్య లేదు గనుక ఆ ఉపాయాన్ని తప్పుపట్టలేం.

2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమితో తెలుగుకు ఆ విద్య నేర్చింది. తర్వాత ఫోన్లూ నేర్చాయి. అయినా ఈ కూర్పు తేలిక పని కాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ను ఒక ప్రత్యేక వరసలో పంపితే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలాయి. ఐఓఎస్ 11.2.6తో యాపిల్ దాన్ని సరిచేసింది.